లేనప్పుడు లేదని చెప్పాలి

అడ్మిషన్ ఫీజు కట్టడానికి అది ఆఖరి రోజు. రాత్రి పదిన్నర దాటాక సర్వర్ మీద డేటాబేస్ ఉన్నట్టుండి పడిపోయింది. రెండు నిమిషాల్లో దానంతటదే లేచింది కానీ, సరిగ్గా ఆ రెండు నిమిషాల్లో ఫీజు కట్టినవాళ్లకి బ్యాంకులో డబ్బు తగ్గింది, మా దగ్గర రసీదు పుట్టలేదు. తెల్లవార్లూ తల్లిదండ్రుల ఫోన్లు. ఒకాయన అప్పు తెచ్చి కట్టాడట, ఆయన గొంతు నాకు ఇంకా గుర్తుంది. "డబ్బు ఎక్కడికీ పోదండీ, రేపటికల్లా చూస్తాం" అని ఆయనకి చెబుతూనే ఇంకోపక్క కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాసుకునే లాగ్ తిరగేస్తున్నాను. అందులో ఒక్క లైను దొరికింది. మెమరీ అయిపోయింది, నడుస్తున్న ప్రోగ్రామ్లలో ఫలానా నంబరు ప్రాసెస్‌ని చంపేశాం అని. ఆ నంబరు మా డేటాబేస్‌ది.

తీరా చూస్తే మెమరీ తినేసింది డేటాబేస్ కాదు. అది రోజూ వాడే 1.6 జీబీలోనే ఉంది. తిన్నది పక్కనే నడుస్తున్న, ఫొటోలు కుదించే ప్రోగ్రామ్. ఎవరో విద్యార్థి తన సంతకాన్ని స్కాన్ చేయించి పంపాడు. షాపులో ఎ4 కాగితం మొత్తాన్ని నలుపు తెలుపులో 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కలు) పెట్టి తీసినట్టున్నారు. కాగితం మధ్యలో చిన్న సంతకం, మిగతాదంతా తెలుపే కాబట్టి ఫైలు చాలా చిన్నది, మేం పెట్టిన 2 ఎంబీ హద్దులోపే ఉంది, లోపలికి వచ్చేసింది. విప్పి చూస్తే వెడల్పు 19,848 పిక్సెళ్లు, ఎత్తు 28,056. అంటే 55 కోట్ల 68 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు వేసుకుంటే 222 కోట్ల బైట్ల పైమాట. ప్రోగ్రామ్ పద్ధతిగా ఆపరేటింగ్ సిస్టమ్‌ని అంతా ఒకేసారి అడిగింది. మొత్తం 4 జీబీ ఉన్న మెషీన్లో, ఖాళీగా ఒకటిన్నర జీబీ కూడా లేని సమయంలో, సిస్టమ్ ఇస్తానంది.

నా బాధంతా ఆ ఇస్తానన్న మాట దగ్గరే ఉంది. అప్పుడే లేదని చెప్పి ఉంటే ఒక్క సంతకం ఆగేది, ఆ అబ్బాయికి "ఫైలు చాలా పెద్దది, మళ్లీ స్కాన్ చేయించండి" అని కనబడేది, అంతటితో అయిపోయేది. ఇస్తానని ఒప్పుకుని, ప్రోగ్రామ్ రాసుకుంటూ 1.4 జీబీ దాకా వెళ్లాక చేతులెత్తేసింది. చేతులెత్తేసి, అడిగినవాణ్ని వదిలేసి, ఆ క్షణానికి ఎక్కువ మెమరీ ఎవరి దగ్గరుందో లెక్క చూసుకుని డేటాబేస్ ప్రాణం తీసింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. సంతకం మాత్రం చక్కగా కుదించబడి, 140 పిక్సెళ్ల బొమ్మగా డిస్కు మీద చేరింది.

మర్నాడు మీటింగ్‌లో అందరూ ఒకే మాట, ర్యామ్ పెంచేద్దామని. పెంచాం, 8 జీబీ చేశాం. దాన్ని తప్పుబట్టను. కానీ మెమరీ లేనప్పుడు ఏం జరగాలన్న నిర్ణయం మనం తీసుకోకపోతే ఇంకెవరో తీసుకుంటారు, ఆ తీసుకునేవాళ్లకి మన పని గురించి ఏమీ తెలియదు. ఫీజు రసీదు ముఖ్యమా, సంతకం బొమ్మ ముఖ్యమా అని కెర్నల్‌కి ఎలా తెలుస్తుంది? దానికి తెలిసింది పేజీల లెక్క ఒక్కటే. ఆ నిర్ణయం రాయాల్సింది ప్రోగ్రామ్ రాసేవాళ్లు, సర్వర్ పెట్టేవాళ్లు. మన రంగంలో చాలామంది దాన్ని ఎడ్జ్ కేస్ (ఎప్పుడో అరుదుగా వచ్చే సందర్భం) అని పేరు పెట్టి పక్కన పడేస్తున్నారని, అది చాలా తప్పని నా వాదన.

లినక్స్‌లో మెమరీ అడగడం వేరు, దొరకడం వేరు. సీ భాషలో మెమరీ అడగడానికి పిలిచేది మాలక్. అది ఇచ్చే పాయింటర్, అంటే ఆ చోటు అడ్రసు, చెక్కు లాంటిది. ఖాతాలో డబ్బుందో లేదో తెలిసేది దాన్ని తీసుకుని బ్యాంకుకి వెళ్లినప్పుడు, అంటే ఆ చోటులో మొదటిసారి రాసినప్పుడు. అప్పుడు కానీ కెర్నల్ 4 కేబీల అసలైన పేజీ ఒకటి తెచ్చి అక్కడ పెట్టదు. నమ్మకం లేకపోతే మీ మెషీన్లో చూడండి. ఒక్కో జీబీ చొప్పున మాలక్‌ని పిలుస్తూ పోయే పది లైన్ల ప్రోగ్రామ్ రాసి నా 8 జీబీ లాప్‌టాప్‌లో నడిపాను. వంద దాటినా ఇస్తూనే ఉంది. తర్వాత ప్రతి పేజీలో ఒక్క బైటు రాయమని ఇంకో లైను కలిపాను. కాసేపటికి మౌస్ కదలడం మానేసింది, ఫ్యాను రొద మొదలైంది, చివరికి ఆ ప్రోగ్రామ్ చచ్చిపోయింది. ఏ దశలోనూ మాలక్ నల్, అంటే లేదన్న జవాబు, ఇవ్వలేదు.

దీన్నే ఓవర్‌కమిట్ అంటారు. దీనికో సెట్టింగ్ ఉంది, అందులో మూడు అంకెల్లో ఏదో ఒకటి పెట్టొచ్చు. 0 ఉంటే కెర్నల్ ఉజ్జాయింపుగా చూస్తుంది, మొత్తం ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) కలిపినా చాలనంత పెద్దది ఒకేసారి అడిగితేనే కాదంటుంది. మామూలుగా ఉండేది ఇదే. 1 ఉంటే ఏది అడిగినా సరే అంటుంది. 2 ఉంటే తాను ఇచ్చిన మాటలన్నీ లెక్కేసుకుంటూ, హద్దు దాటగానే అడిగినప్పుడే లేదనేస్తుంది. ఆ హద్దు స్వాప్ మొత్తానికి ర్యామ్‌లో సగం కలిపితే వచ్చేది, కావాలంటే మార్చుకోవచ్చు. విండోస్ మొదటినుంచీ ఈ చివరి పద్ధతికి దగ్గరగా ఉంటుంది, కమిట్ చేసిన ప్రతి పేజీకీ ర్యామ్‌లోనో డిస్కు మీది పేజ్ ఫైల్లోనో చోటుంటేనే ఒప్పుకుంటుంది.

ఓవర్‌కమిట్ దుర్మార్గమని నేననను. అది లేకపోతే ఇబ్బందులున్నాయి. ఒక పెద్ద ప్రాసెస్ ఫోర్క్ అయితే, అంటే తనలాంటి ఇంకోదాన్ని పుట్టిస్తే, పిల్ల ప్రాసెస్‌కి కూడా అంత మెమరీ వాగ్దానం చేయాలి, నిజానికి ఇద్దరూ అవే పేజీలు పంచుకుంటారు, ఎవరైనా రాస్తే ఆ పేజీకి మాత్రమే కాపీ పుడుతుంది. 3 జీబీ డేటా పట్టుకున్న రెడిస్ డిస్కులోకి సేవ్ చేసుకోవడానికి ఫోర్క్ అయినప్పుడు, ఇంకో 3 జీబీ ఖాళీగా ఉంటేనే కుదురుతుందంటే పని నడవదు. అందుకే రెడిస్ వాళ్లు ఆ అంకెని 1 చేసుకోమంటారు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ అదే అంకెని 2 పెట్టమని సూచిస్తుంది. రెండూ డేటా దాచే సాఫ్ట్‌వేర్లే, రెండిటి సలహా పూర్తిగా ఎదురెదురు, రెండూ సరైనవే. ఎవరికి ఏది కావాలో వాళ్లు కూర్చుని ఆలోచించి చెప్పారు. నేను అడుగుతున్నది ఆ ఆలోచనే. ఈ రెండిటినీ ఒకే మెషీన్ మీద పెట్టి, అంకె 0 దగ్గర వదిలేసి, ఏమవుతుందో ఎప్పుడూ అనుకోని సర్వర్లు ఎన్ని చూశానో.

ఇక్కడ తరచూ వినబడే మాట ఒకటుంది. "లినక్స్‌లో మాలక్ ఎలాగూ ఫెయిలవదు కదా, నల్ వచ్చిందా అని చూడటం దండగ." ఇంటర్వ్యూల్లో కూడా తెలివైన జవాబులా చెబుతారు. అది నిజం కాదు. యూలిమిట్‌తో ప్రాసెస్‌కి మెమరీ హద్దు పెట్టిన చోట ఫెయిలవుతుంది. అంకె 2 ఉన్నచోట ఫెయిలవుతుంది. 32 బిట్ల చిన్న పరికరాల్లో అడ్రసులే అయిపోతాయి. అన్నిటికంటే ఎక్కువగా, లెక్క తప్పి పిచ్చి అంకె అడిగినప్పుడు ఫెయిలవుతుంది, ఆ లెక్క తప్పడం మనం అనుకునేంత అరుదు కాదు.

మా సంతకం అంకెనే తీసుకోండి. 19,848 ని 28,056 తోనూ, ఆ వచ్చినదాన్ని 4 తోనూ గుణిస్తే 222 కోట్ల 74 లక్షలు దాటుతుంది. సీ భాషలో అంకెలు దాచే మామూలు ఇంట్‌లో పట్టేది 214 కోట్ల 74 లక్షల దాకానే. మా కోడ్‌లో ఎవరో పుణ్యాత్ములు అంతకంటే పెద్ద అంకెలు పట్టే సైజ్-టీ వాడారు కాబట్టి లెక్క సరిగ్గా వచ్చింది. ఇంట్ వాడి ఉంటే మామూలుగా అది తిరగబడి మైనస్ 206 కోట్లు అయ్యేది. దాన్ని మాలక్‌కి ఇస్తే గుర్తు పోయి ఊహకందనంత పెద్ద అంకెగా మారుతుంది, అప్పుడు నల్ వస్తుంది, చూడని కోడ్ అక్కడే కూలుతుంది. అదీ నయమే. అసలు ప్రమాదం పెద్ద అంకె చుట్టూ తిరిగి చిన్న అంకెగా తేలినప్పుడు. 2002లో, దూరంనుంచి సర్వర్లలోకి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో బయటపడింది అదే. అవతలివాడు ఎన్ని జవాబులు పంపుతున్నాడో ఆ అంకె అతనే పంపుతాడు, దాన్ని పాయింటర్ సైజుతో గుణించి మెమరీ అడుగుతారు. 107 కోట్ల 37 లక్షల 41 వేల 825 అని పంపాడనుకోండి. 4 తో గుణిస్తే 32 బిట్లలో పట్టేది పోగా మిగిలేది 4. అలొకేషన్ (మెమరీ కేటాయింపు) 4 బైట్లకి నిక్షేపంగా జరుగుతుంది, నల్ రాదు, తర్వాత లూప్ మాత్రం 107 కోట్ల సార్లు తిరిగి రాయడానికి బయల్దేరుతుంది. ప్రపంచంలో సగం సర్వర్ల తలుపు తాళం అనదగ్గ సాఫ్ట్‌వేర్‌లో, ఎంతో జాగ్రత్తగా రాసేవాళ్ల చేతిలో జరిగింది ఇది. అందుకే, ఎన్ని కావాలో ఒక్కోటి ఎంతో విడిగా తీసుకునే కాలక్ ఉంటే మాలక్‌లో గుణకారం రాయొద్దు, ఈ కాలపు కాలక్ ఆ గుణకారాన్ని తనే సరిచూస్తుంది. ఉన్న చోటుని పెంచుకునేటప్పుడు కూడా ఇలాగే చూసుకోవాలని ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2014లో రీఅలక్‌అరే తెచ్చారు, 2017లో లినక్స్ ప్రోగ్రామ్లు వాడే గ్లిబ్‌సీ లైబ్రరీలోకి వచ్చింది.

సున్నా సంగతి కూడా చెప్పాలి. సున్నా బైట్లు అడిగితే ఏమివ్వాలి? సీ ప్రమాణం నల్ అయినా ఇవ్వొచ్చు, వాడకూడని ఒక పాయింటర్ అయినా ఇవ్వొచ్చు అంటుంది. దానివల్ల నల్ వస్తే మెమరీ అయిపోయినట్టా, సున్నా అడిగినట్టా అన్నది తెలియదు. లినక్స్ కెర్నల్ లోపల దీనికి ఒక చక్కటి ఏర్పాటుంది. అక్కడి మాలక్ అయిన కెమాలక్‌ని సున్నా అడిగితే 16 అనే అడ్రసు ఇస్తుంది. నల్ కాదు కాబట్టి ఫెయిలైనట్టు కాదు, ఆ అడ్రసులో ఏమీ ఉండదు కాబట్టి ముట్టుకుంటే వెంటనే పట్టుబడతారు, మెమరీ తిరిగి తీసుకునే కెఫ్రీకి ఇస్తే మాట్లాడకుండా తీసుకుంటుంది. ఒక్క అంకెతో మూడు ప్రశ్నలకి జవాబు చెప్పేశారు, ఆ కోడ్ చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఉన్న చోటు సైజు మార్చే రీఅలక్‌కి సున్నా ఇస్తే ఏమవ్వాలో మాత్రం దశాబ్దాలపాటు ఒక్కొక్కరు ఒక్కోలా చేసి, చివరికి సీ23 ప్రమాణం దాన్ని నిర్వచనం లేని ప్రవర్తన కింద పెట్టేసింది. అంటే ఇక దాని జోలికి వెళ్లొద్దని.

అయితే నల్ వచ్చిందో లేదో చూశాం కదా, అక్కడితో పనైపోయిందా అంటే కాలేదు. చూసి ఏం చేస్తున్నాం? ఆ చేసే పని ఎప్పుడైనా ఒక్కసారి నడిచిందా? 2014 డిసెంబరులో లినక్స్ కెర్నల్ డెవలపర్ల మధ్య పెద్ద చర్చ జరిగింది, ఆ కథ తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. కెర్నల్ లోపల కోడ్ కూడా మెమరీ అడుగుతుంది, దొరక్కపోతే ఎర్రర్ తిప్పి పంపాలి, అందుకోసం వేల చోట్ల కోడ్ రాసి ఉంది. కానీ కెర్నల్ మెమరీ విభాగం లోపల ఎప్పటినుంచో ఒక అలవాటుంది. 8 పేజీలు, అంటే 32 కేబీ దాకా అడిగేవాటిని అది దాదాపు ఎప్పుడూ కాదనదు. లేకపోతే ఎవరినో ఒకరిని చంపి అయినా తెచ్చే వరకూ తిరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ చూసుకునే డేవ్ చిన్నర్ లాంటి వాళ్లకే తెలియదు. ఫెయిలవుతుందనే నమ్మి, ఫెయిలైతే వెనక్కి రావడానికి దారులు కట్టుకున్నారు.

దాంతో జరిగిందేమిటంటే, ఒక ప్రాసెస్, ఒకసారికి ఒకరే పట్టుకోగల ఫైల్ సిస్టమ్ తాళం పట్టుకుని మెమరీ అడుగుతుంది. మెమరీ లేదు. కెర్నల్ ఇంకో ప్రాసెస్‌ని చంపడానికి ఎంచుకుంటుంది. ఆ రెండోది చావాలంటే ముందు అదే తాళం దొరకాలి, అది దాని కోసమే ఎదురుచూస్తోంది. మొదటిది రెండోది చస్తే వచ్చే మెమరీ కోసం, రెండోది మొదటిది వదిలితే వచ్చే తాళం కోసం. రెండూ కదలవు, మెషీన్ మొత్తం బిగుసుకుపోతుంది. మరి ఇప్పటినుంచి ఫెయిలవనిద్దామా అంటే ఇంకో భయం, ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా నడవని ఆ వేల ఎర్రర్ దారులు ఒక్కసారిగా నడవడం మొదలవుతాయి, వాటిలో ఎన్ని తప్పులున్నాయో ఎవరికీ తెలియదు. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. 2016లో వచ్చిన 4.6 వెర్షన్లో ఓఓఎం (ఔట్ ఆఫ్ మెమరీ) రీపర్ అని ఒకటి చేర్చారు, చావాల్సిన ప్రాసెస్ ఇంకా చావకపోయినా దాని మెమరీని ముందే లాక్కుంటుంది. అలా చాలావరకు గట్టెక్కారు. 2021లో కెర్నల్‌లోకి రస్ట్ భాష తెస్తామన్నప్పుడు మెమరీ దొరక్కపోతే పానిక్ అయ్యే (అక్కడికక్కడే అంతా ఆపేసే) అలొకేషన్ పనికిరాదని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గట్టిగా చెప్పారు, వాళ్లు ఆ భాగాన్ని మార్చుకున్నాకే 2022 డిసెంబరులో 6.1తో లోపలికి వచ్చింది.

రాసిపెట్టి నడపని దారి దారి కాదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట, దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే పెద్ద సాక్ష్యం భూమి మీద లేదు.

2004 జనవరి 4న స్పిరిట్ రోవర్ అంగారకుడి మీద దిగింది. అక్కడి లెక్కలో 90 రోజులు పనిచేస్తే చాలనుకున్నారు. 18వ రోజున, జనవరి 21న, అది మాట్లాడటం మానేసింది. ఆ మౌనం వెనక జరుగుతున్నది తర్వాత తెలిసింది, రోవర్ బూట్ అవుతోంది, మధ్యలో రీసెట్ అవుతోంది, మళ్లీ బూట్ అవుతోంది, అలా 60 సార్లకు పైగా. రాత్రిళ్లు నిద్రపోవాల్సింది నిద్రపోకుండా బ్యాటరీ తోడేస్తోంది. దానిలో ర్యామ్ 128 ఎంబీ, ఫ్లాష్ 256 ఎంబీ. ఫ్లాష్ మీద డాస్ తరహా ఫైల్ సిస్టమ్, దానిలోని ఫైళ్ల జాబితా మొత్తం ర్యామ్‌లోకి తెచ్చుకుని పెట్టుకుంటుంది. ఏడు నెలల ప్రయాణంలో పోగైన ఫైళ్లు, దిగాక తీసిన ఫైళ్లు కలిసి ఆ జాబితా పెరిగింది. ఫైళ్లు తుడిచేసినా జాబితాకి పట్టిన చోటు తగ్గదు.

సరే, పెరిగింది. చోటు చాలకపోతే ఏమవ్వాలి? కొత్త ఫైలు తెరవడానికి వీల్లేదని ఎర్రర్ రావాలి. ఆ ఫైల్ సిస్టమ్ లైబ్రరీకి అలా చేయడం వచ్చు కూడా. కానీ ఒక సెట్టింగ్ ఎర్రర్ చెప్పకుండా సిస్టమ్ మెమరీలోంచి ఇంకా తీసుకోమని ఉండిపోయింది. తీసుకుంటూ తీసుకుంటూ సిస్టమ్ మెమరీ అయిపోయింది. అప్పుడైనా మెమరీ లైబ్రరీ లేదని జవాబివ్వాలి. అక్కడ ఇంకో సెట్టింగ్, మెమరీ దొరక్కపోతే అడిగిన టాస్క్‌ని ఎక్కడికక్కడ ఆపేయమని ఉంది. టాస్క్ ఆగిపోయింది, అది ఆగడం చూసి సిస్టమ్ రీసెట్ కొట్టింది, లేవగానే మళ్లీ అదే జాబితా చదవబోయింది, మళ్లీ అదే చోట మెమరీ అయిపోయింది. ప్రపంచంలోకెల్లా ఆరితేరిన ఇంజినీర్లు చేసిన యంత్రం, రెండు చోట్ల "లేదు" అని చెప్పాల్సిన మాట చెప్పనందుకు కోట్ల కిలోమీటర్ల అవతల అలా కొట్టుకుంటోంది. భూమి మీదనుంచి వాళ్లు ఫ్లాష్ జోలికి పోకుండా, ర్యామ్‌తోనే సరిపెట్టుకుని బూట్ అవ్వమని కమాండ్ పంపి, దాన్ని నిలబెట్టి, ఫ్లాష్‌ని ఫార్మాట్ చేశారు. తర్వాత స్పిరిట్ 2010 మార్చి దాకా మాట్లాడింది. అంత సేపు కొట్టుకున్నా దాన్ని వెనక్కి తేగలిగారంటే కారణం, ఫ్లాష్ లేకుండా లేచే దారి ఒకటి ఎవరో ముందే కట్టి ఉంచడం.

ఇన్ని తప్పుల మధ్య దీన్ని సరిగ్గా చేసేవాళ్లూ ఉన్నారు. సీక్వెలైట్ అనే చిన్న డేటాబేస్ మన ప్రతి ఫోన్లోనూ ఉంటుంది. దాన్ని రాసిన రిచర్డ్ హిప్, ఆయన బృందం దాన్ని పరీక్షించే తీరు చెబుతాను. వాళ్లు మాలక్ బదులు తమ సొంత మాలక్ పెడతారు. ఒక పరీక్ష మొదలుపెట్టి మొదటి అలొకేషన్ ఫెయిల్ చేస్తారు. ఏం పాడవలేదు కదా, లీక్ (తిరిగి ఇవ్వకుండా మిగిలిపోయిన మెమరీ) లేదు కదా, ఎర్రర్ సరిగ్గా పైకి వచ్చింది కదా అని చూస్తారు. మళ్లీ మొదలుపెట్టి రెండోది ఫెయిల్ చేస్తారు. తర్వాత మూడోది. అలా ఏ అలొకేషనూ ఫెయిలవకుండా పని పూర్తయ్యేదాకా. ఆ వరస మొత్తం రెండుసార్లు, ఒకసారి ఆ ఒక్కటే ఫెయిలై తర్వాతివి పనిచేసేలా, ఇంకోసారి అక్కడినుంచి అన్నీ ఫెయిలయ్యేలా. ఇందులో అర్థం కానిదేమీ లేదు, ఓపిక ఉంటే చాలు. కెర్నల్‌లో కూడా ఇలా కావాలని ఫెయిల్ చేసే సదుపాయం 2007లో వచ్చిన 2.6.20 నుంచీ ఉంది.

ఆ రసీదుల రాత్రి తర్వాత నేను మా ఫొటోల ప్రోగ్రామ్‌కి ఇదే చేశాను. ఎల్‌డీ ప్రీలోడ్‌తో ప్రోగ్రామ్‌కీ మాలక్‌కీ మధ్యలో దూరే చిన్న లైబ్రరీ, అరవై లైన్లు, అంకె ఇస్తే అన్నో పిలుపు నుంచి అన్నిటికీ నల్ ఇస్తుంది. మొదటి ఎనిమిదీ బాగానే ఉన్నాయి. తొమ్మిదోది ఫెయిల్ చేయగానే ప్రోగ్రామ్ ఎర్రర్ గుర్తించింది, లాగ్‌లో రాయబోయింది, అక్కడ కూలిపోయింది. చూస్తే ఆ లాగ్ ఫంక్షనే మెసేజ్ కూర్చుకోవడానికి మాలక్ పిలుస్తోంది. మెమరీ లేదని చెప్పడానికి మెమరీ కావాలి! గోరుచుట్టు మీద రోకటి పోటు. దానికి మొదట్లోనే 512 బైట్లు పక్కన పెట్టుకునేలా మార్చాను. ఇంకొకటి చాలామంది కోడ్‌లో ఉండేదే, బఫర్ పెంచేటప్పుడు రీఅలక్ ఇచ్చిన జవాబుని అదే పాయింటర్‌లో పెట్టేయడం. రీఅలక్ ఫెయిలైతే పాత మెమరీ అలాగే ఉంటుంది, పాయింటర్‌లో మాత్రం నల్ వచ్చి కూర్చుంటుంది, పాతదాని అడ్రసు ఇక ఎవరి దగ్గరా ఉండదు. జవాబుని వేరే పాయింటర్‌లో తీసుకుని, బాగుంటేనే మార్చుకోవాలి. ఒక్క లైను తేడా. ఇది ఒక మధ్యాహ్నం పని, ఏళ్లుగా నడుస్తున్న ప్రోగ్రామ్‌లో రెండు గంటల్లో దొరికిన తప్పులివి.

సర్వర్ వైపు చేసినవి ఇంకా చిన్నవి. బొమ్మ విప్పకముందే వెడల్పు, ఎత్తు చదివి, 4 కోట్ల పిక్సెళ్లు దాటితే మెమరీ అడగకుండానే వద్దని చెప్పేస్తున్నాం. ఫొటోల ప్రోగ్రామ్‌ని సీగ్రూప్‌లో పెట్టి 600 ఎంబీ హద్దు గీశాం, దాటితే చచ్చేది అదే, పక్కవాళ్లు కాదు. డేటాబేస్‌కి ఓఓఎం స్కోరు, అంటే మెమరీ అయిపోతే ఎవరిని చంపాలో కెర్నల్ చూసుకునే అంకె, బాగా తగ్గించాం. దాన్ని సర్దే అంకె మైనస్ 1000 నుంచి 1000 దాకా ఉంటుంది, మైనస్ 1000 పెడితే దాన్ని అసలు ముట్టుకోదు. ఆ చివరిదాకా వెళ్లడం నాకు ఇష్టం లేదు, డేటాబేసే లీకైన రోజున మిగతా అందరూ చస్తారు. ఇదంతా ఎవరిని ముందు కాపాడాలో మనం చెప్పుకోవడం. 2004లో లినక్స్ డెవలపర్ ఆండ్రీస్ బ్రౌవర్, మెమరీ అయిపోతే ప్రాసెస్‌లని చంపే ఈ ఓఓఎం కిల్లర్‌ని తక్కువ ఇంధనంతో విమానాలు నడుపుతూ, ఇంధనం చాలకపోతే ప్రయాణికుల్లో ఎవరిని బయటికి తోసేయాలో లెక్కలు వేసుకునే కంపెనీతో పోల్చారు. ఎవరిని తోయాలి అన్న లెక్క ఎంత బాగా వేసినా, టికెట్లు అన్ని ఎందుకు అమ్మారన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇదంతా సర్వర్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకి నా దగ్గర ఇంకో సంగతుంది. మా పెద్దమ్మది ఖమ్మం దగ్గర పల్లె. ఆమె ఫోన్లో ర్యామ్ 2 జీబీ. ఒక యాప్‌లో దరఖాస్తు నింపుతోంది. పేరు, ఆధార్, ఊరు, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట పట్టింది. ఓటీపీ వచ్చిందని చూడటానికి మెసేజీల్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఫారం ఖాళీ. మళ్లీ నింపింది, మళ్లీ ఓటీపీ, మళ్లీ ఖాళీ. నాకు ఫోన్ చేసి, "నేనే ఏదో నొక్కినట్టున్నాను నాన్నా, నాకు ఇవి చేతకావు" అంది.

ఆమె ఏమీ తప్పు నొక్కలేదు. మెసేజీల యాప్ తెరవడానికి మెమరీ చాలక, వెనక్కి వెళ్లిన యాప్‌ని ఆండ్రాయిడ్ చంపేసింది. అలా చంపుతానని ఆండ్రాయిడ్ దాచుకోదు, మొదటినుంచీ చెబుతూనే ఉంది. వెనక్కి వెళ్లేముందు నీ దగ్గరున్నది ఇక్కడ దాచుకో, తిరిగి వచ్చాక ఇస్తాను అని ఒక పద్ధతి కూడా ఇచ్చింది. డెవలపర్ ఆప్షన్లలో ఒక్క మీట నొక్కితే, వెనక్కి వెళ్లిన ప్రతి స్క్రీన్నీ వెంటనే తీసేస్తుంది, మన యాప్ తట్టుకుంటుందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది. ఆ యాప్ రాసినవాళ్లు ఆ మీట ఎప్పుడూ నొక్కి ఉండరు. వాళ్ల చేతిలో 12 జీబీ ఫోన్ ఉంటుంది, ఓటీపీ చూసి వచ్చినా ఫారం అక్కడే ఉంటుంది. వాళ్లకి అది ఎప్పుడో ఒకసారి జరిగే ఎడ్జ్ కేస్. మా పెద్దమ్మకి ప్రతిసారీ జరిగేది. దీని గురించి రాస్తుంటే నాకు కోపం రావడానికి కారణం ఇదే, మెమరీ అయిపోయే మనుషులు ఎప్పుడూ కోడ్ రాసే గదికి బయటే ఉంటారు, తప్పు తమదనుకుంటారు.

ఇప్పుడు మా టీమ్‌లో ఫోన్ యాప్ ఏది వచ్చినా నేను ఆ మీట నొక్కి, ఫారం సగం నింపి, మెసేజీల్లోకి వెళ్లి వచ్చి చూస్తాను. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దమ్మ ఆ దరఖాస్తు ఎప్పుడో పెట్టేశానని చెప్పింది. ఎలా అని అడిగితే ఫోన్ తీసి చూపించింది. ఓటీపీ రాగానే ఫారం వదలకుండా, స్క్రీన్ పైనుంచి వేలితో కొంచెం కిందికి లాగి, ఆరంకెలూ అక్కడే చదివి, నోట్లో అనుకుంటూ వేలు వదిలేసి టైప్ చేసింది. పక్కింటావిడకి కూడా నేర్పిందట. "బయటికి వెళ్తే పోతుంది నాన్నా, వెళ్లకూడదు" అంది.